బిడ్డ లోపల, తల్లి వరండాలో

పెద్దాస్పత్రుల్లో పిల్లల ఐసీయూ ముందు చాలాచోట్ల కనిపించేది ఒకటే దృశ్యం. చాప మీద పచ్చి బాలింత. పక్కన పిండిన పాలున్న చిన్న స్టీలు గిన్నె, దాని మూత మీద బిడ్డ నంబరు రాసి అంటించిన ప్లాస్టర్ ముక్క. ఆయా వచ్చి గిన్నె తీసుకెళ్తుంది. పాలు లోపలికి వెళ్తాయి కానీ పాలిచ్చిన తల్లి వెళ్లకూడదు. ఆమె విజిటింగ్ టైం దాకా ఆగాల్సిందే. కార్పొరేట్ ఆస్పత్రిలో వరండాకు బదులు ఏసీ లాంజ్ ఉంటుంది, అంతే తేడా.

ఎందుకిలా అంటే, ఇన్‌ఫెక్షన్ వస్తుందంటారు. ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రి ఈ భయాన్ని పరీక్షించి చూసింది. తల్లిదండ్రులకు చేతులు కడుక్కోవడం నుంచి బిడ్డకు పాలు పట్టడం దాకా నేర్పి లోపలికి రానిచ్చారు. ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు. ఇంటికి వెళ్లేముందు తల్లిపాలు తాగే పిల్లల సంఖ్య మాత్రం పెరిగింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే దీన్ని మార్గదర్శకాలుగా రాసి ఎస్‌ఎన్‌సీయూలకు (జబ్బుపడిన నవజాత శిశువులను చూసే ప్రభుత్వ ఆస్పత్రి యూనిట్లకు) పంపింది. కాగితం చేరింది, తలుపులు మాత్రం అన్నిచోట్లా తెరుచుకోలేదు.

ఇంకా పెద్ద రుజువు 2021లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితోపాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో, కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బరువుతో పుట్టిన పిల్లల మీద అధ్యయనం చేయించింది. పరిస్థితి కుదుటపడ్డాక తల్లి ఒడికి చేర్చే మామూలు పద్ధతిలో 28 రోజుల్లోపు 15.7 శాతం పిల్లలు చనిపోతే, పుట్టిన వెంటనే తల్లి గుండెకు హత్తుకుని ఉంచినప్పుడు అది 12 శాతమే. మేలు అంత స్పష్టంగా కనిపించడంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఐసీయూలో బిడ్డ పక్కనే తల్లికి మంచం వేశారు.

కాస్త పెద్ద పిల్లల బాధ వేరు. డెంగీతో చేరిన నాలుగేళ్లవాడు చేతికున్న సెలైన్ గొట్టం పీకేస్తాడని చెయ్యి మంచానికి కట్టేస్తారు. వాడికి మానిటర్ మోత, ముక్కూ మొహం తెలియని మాస్కులు తప్ప ఇంకేం కనపడదు. అమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే కట్టాల్సిన పని చాలావరకు ఉండదు. పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను ఆంక్షలు లేకుండా రానివ్వాలని బ్రిటన్‌లో ఆస్పత్రుల్లోని పిల్లల బాగోగులు పరిశీలించిన ప్లాట్ కమిటీ చెప్పింది 1959లో!

డాక్టర్ల భయాన్ని తీసిపారేయలేం. బిడ్డకు ఏదైనా జరిగితే పాతికమంది వచ్చి మీదపడటం మన దగ్గర జరుగుతున్నదే. రాత్రి డ్యూటీలో ఉన్న ఒక్క నర్సు ఎన్ని వార్మర్లు (పసికందులను వెచ్చగా ఉంచే పడకలు) చూసుకోవాలో అడిగితే నోట మాట రాదు. కానీ పలకరింపుకొచ్చిన బంధువులు వేరు, కన్నవాళ్లు వేరు. గుంపును గేటు దగ్గరే ఆపాలి. అమ్మనో నాన్ననో, ఒక్కరిని, పగలూ రాత్రీ ఉండనివ్వాలి. చికిత్సను కళ్లారా చూసినవాళ్లకు అనుమానాలూ తక్కువే ఉంటాయని మేం అనుకుంటున్నాం. ‘లోపల ఏం చేశారో’ అన్న మాట పుట్టేది మూసిన తలుపు దగ్గరే.

అసలు చిక్కు తిండి దగ్గర, పడక దగ్గర వస్తుంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు తల్లికి ఉచిత భోజనం. కానీ నెలలు నిండని బిడ్డ వార్మర్‌లో వారాల తరబడి ఉంటాడు. ఏరియా ఆస్పత్రిలో పురుడు పోసుకుని, బిడ్డను మాత్రం 108లో జిల్లా కేంద్రానికి పంపిన తల్లి పరిస్థితి మరీ దారుణం. ఆమె అక్కడ పేషెంటూ కాదు, విజిటరూ కాదు.

రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు ఈ లెక్క సరిచేయాలి. బిడ్డ డిశ్చార్జి అయ్యేదాకా తల్లికి మంచం, మూడు పూటలా భోజనం, శుభ్రమైన మరుగుదొడ్డి ఆస్పత్రి బాధ్యతేనని జీవో ఇవ్వాలి. కొత్తగా కట్టే మెడికల్ కాలేజీ ఆస్పత్రుల ప్లాన్లలోనే తల్లుల మంచాలకు చోటు గీయాలి. రోజుకు వేలల్లో ఐసీయూ బిల్లు వేసే ప్రైవేటు ఆస్పత్రులకు, రిజిస్ట్రేషన్ రెన్యువల్ సమయంలో ఇదే షరతు పెట్టాలి.