జేడీబీసీ సామికి ఒక తిరుపతి విన్నపం

మహారాజశ్రీ జేడీబీసీ గారికి,

తిరుపతి నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మా ప్రోగ్రాం తప్ప ఇక్కడ అందరూ క్షేమం.

జావా ప్రోగ్రాంకూ డేటాబేస్‌కూ మధ్య వారధిగా తమరు 1997లో జావా కిట్టు జేడీకే 1.1తో వచ్చారు. డేటాబేస్ ఏదైనా సరే, జావాలో ఒకే పద్ధతిలో పలకరించొచ్చన్నారు. సంతోషం. కానీ సామీ, డేటాబేస్‌తో మాట్లాడే డ్రైవర్ ఉన్న జార్ ఫైలు (జావా కోడ్ మూట) అదే ఫోల్డర్‌లో కళ్లెదుట ఉండగా 'నో సూటబుల్ డ్రైవర్' అంటారేంది? జావా మైనస్ జార్ అని నడిపితే, మైనస్ సీపీలో (జార్‌లు ఎక్కడున్నాయో చెప్పే చోట) మేం రాసిందంతా జావా పక్కన పెట్టేస్తుందట. ఆ ముక్క ఎర్రర్‌లోనే చెప్తే తమరి సొమ్మేం పోయింది?

ఇంట్లో విండోస్‌లో జార్ పేర్ల మధ్య సెమీకోలన్. ల్యాబ్‌లో ఉబుంటు లైనక్స్, అక్కడ కోలన్. అక్కడ సెమీకోలన్ కనపడగానే, కమాండ్లు చదివే షెల్ కమాండ్ అయిపోయిందనుకుంటుంది. జావా తన హెల్ప్ పాఠమంతా స్క్రీన్ నిండా వల్లిస్తుంది, అడుగున మా జార్ పేరు పక్కన 'కమాండ్ నాట్ ఫౌండ్'. పక్క సిస్టమ్ వాడు నవ్వుతాడు, అది వేరే టెన్షన్.

ఇక మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో సర్వాధికారి యూజర్ అయిన రూట్ వ్యవహారం. టెర్మినల్లో అడ్మిన్ హక్కులతో సుడో మైఎస్‌క్యూఎల్ అంటే సిఫారసు లేఖతో బ్రేక్ దర్శనానికి వెళ్లినట్టే, ఆపేవాడుండడు. అదే రూట్ పేరుతో జావా వెళ్తే 'యాక్సెస్ డినైడ్'. ఉబుంటులో ఆ రూట్ పాస్‌వర్డ్ అడగదు, సాకెట్ (ఆ మెషీన్ లోపలి ద్వారం) దగ్గర నిలబడ్డ లైనక్స్ యూజర్ ఎవరో చూస్తుంది. తమరేమో 3306 పోర్టు దగ్గర నెట్‌వర్క్ దారి టీసీపీలో నిలబడతారు. మాకో వేరే యూజర్‌ను పెట్టిస్తే గొడవే లేదు. కానీ అది చేయాల్సిన సిస్టమ్ అడ్మిన్ టీకి పోయుంటాడు.

టేబుల్ పేరులో పెద్ద 'ఎస్', చిన్న 'ఎస్' గోల విండోస్‌కు లేదు, లైనక్స్‌కు ఉంది. దాని సంగతి వదిలేస్తున్నా.

రాత్రంతా ఊరికే ఉన్న కనెక్షన్‌ను మైఎస్‌క్యూఎల్ 28,800 సెకన్లకు, అంటే 8 గంటలకు తెంపేస్తుంది. తమరికి చెప్పదు, తమరూ అడగరు. పొద్దున మొదటి క్వెరీకి 'కమ్యూనికేషన్స్ లింక్ ఫెయిల్యూర్' అని మా మొహాన కొడతారు.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: డ్రైవర్‌ను లోడ్ చేసే క్లాస్ డాట్ ఫర్‌నేమ్ లైను 2006లో వచ్చిన జావా 6 నుంచే అక్కర్లేదు కదా, మా ల్యాబ్ రికార్డులో అది లేకపోతే సార్ సంతకం పెట్టరు. పాతకాలపు డ్రైవర్ టైప్-1 బ్రిడ్జిని 2014లో జావా 8తో తీసేశారు. పరీక్షలో మాత్రం దాని బొమ్మ గీసి, భాగాలు గుర్తించాలి.