సంపులో మురికి ఉంచి బ్లీచింగ్ పోస్తే ఏమౌతుంది?

పోయిన వానాకాలం మా అపార్ట్‌మెంట్‌లో రెండు రోజులు పెద్ద గొడవ అయింది, నీళ్ళ గురించే. వాన తగ్గిన మర్నాడు కొళాయి తిప్పితే నీళ్ళు లేత టీ రంగులో వచ్చినాయి, సాయంత్రానికి రంగు కొంచెం తగ్గింది గానీ బ్లీచింగ్ వాసన ఎంత ఉండిందంటే మా అమ్మ పొయ్యి మీద పెట్టిన ఎసరు తీసి పారబోసింది. వాచ్‌మన్ అన్నని అడిగితే "నీళ్ళు రంగుగా ఉండాయి కదా సామీ, అందుకే ఈ పొద్దు ఒక మగ్గు ఎక్కువేసినా" అన్నాడు. ఆయన్ని అనాల్సిన పని లేదు, కొలత ఇంత అని ఆయనకు ఎవరూ చెప్పిందే లేదు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూప్‌లో ఒకాయన క్లోరిన్ నీళ్ళు తాగితే క్యాన్సర్ అని ఒక వీడియో పెట్టినాడు, గంట తిరక్కముందే ఇక మీద సంపులో బ్లీచింగే వద్దు అని సగం ఫ్లాట్లు ఓకే చెప్పేసినాయి.

ఆ వీడియో పూర్తిగా అబద్ధమైతే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. అందులో నిజం ఉంది. కానీ ఆ నిజం పట్టుకుని బ్లీచింగ్ మానేద్దాం అనుకోవడం మాత్రం ఇంకా పెద్ద ప్రమాదం, ఈ రెండూ ఒకేసారి ఎట్లా నిజమౌతాయో చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు ఆ టీ రంగు సంగతి చూద్దాం. అడవిలో రాలిన ఆకు, చెత్తా చెదారం, చెరువు అడుగు పాచి, ఇవన్నీ కుళ్ళి నీళ్ళల్లో కరిగితే వచ్చే రంగు అది. వీటిని హ్యూమిక్ పదార్థాలు అంటారు, వాటంతట అవి మనిషికి పెద్దగా చేసే హాని ఏం లేదు. కానీ వాటి మీద బ్లీచింగ్‌లో ఉండే క్లోరిన్ పడితే అది క్రిముల్ని చంపే పనితో పాటు ఈ కుళ్ళిన పదార్థంతో కూడా కలిసిపోయి కొత్త రసాయనాలు తయారు చేస్తుంది. వాటిలో మొదట దొరికిన గుంపు పేరు ట్రైహాలోమీథేన్లు, పొట్టిగా టీహెచ్ఎంలు. ఇందులో ముఖ్యమైంది క్లోరోఫామ్, అవును, పాత సినిమాల్లో కర్చీఫ్ మీద పోసి ముక్కుకు అదిమే ఆ క్లోరోఫామే, కాకపోతే నీళ్ళల్లో ఉండేది మైక్రోగ్రాముల్లో. నీళ్ళల్లో బ్రోమైడ్ అనే లవణం ఉంటే బ్రోమోఫామ్ లాంటివి కూడా వస్తాయి. ఇంకో గుంపు హాలోఅసిటిక్ ఆమ్లాలు. ఇప్పటికి ఇట్లాంటివి ఏడొందలకు పైగానే గుర్తించినారు, అందులో మనం లిమిట్ పెట్టుకుని కొలిచేవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

ఇది కొత్తగా బయటపడిన విషయం కూడా కాదు. 1974లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్‌లో రూక్ అనే కెమిస్ట్, రైన్ నది నీళ్ళకి క్లోరిన్ వేసినాక అంతకు ముందు లేని క్లోరోఫామ్ వస్తోందని పట్టుకున్నాడు, నీళ్ళ రంగుకీ దానికీ సంబంధం ఉందని కూడా గమనించినాడు. అదే ఏడు అమెరికాలో వేరే వాళ్ళు విడిగా అదే మాట చెప్పినారు. 1976లో ఎలుకల మీద పరీక్షల్లో క్లోరోఫామ్‌తో క్యాన్సర్ గడ్డలు వచ్చినాయి, 1979లో అమెరికా నాలుగు టీహెచ్ఎంలూ కలిపి లీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదని రూల్ పెట్టింది, 1998లో దాన్ని 80కి దించింది. మనుషుల మీద చూస్తే అన్నిటికంటే గట్టిగా కనిపించే లింక్ మూత్రాశయం క్యాన్సర్‌తో. యూరప్‌లో 2020లో వచ్చిన ఒక స్టడీ అక్కడ ఏటా వచ్చే మూత్రాశయం క్యాన్సర్లలో దాదాపు 5 శాతం, అంటే 6,561 కేసులు, నీళ్ళల్లో టీహెచ్ఎంల వల్ల అయి ఉండొచ్చని అంచనా వేసింది. అంచనా అనే మాట గుర్తు పెట్టుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ ఏజెన్సీ క్లోరోఫామ్‌ని "క్యాన్సర్ రావడానికి అవకాశం ఉంది" అనే 2బి గుంపులో పెట్టింది, "ఖచ్చితంగా వస్తుంది" అనే ఒకటో గుంపులో కాదు. గ్రూప్‌లో తిరిగిన వీడియోలో ఈ తేడా ఎక్కడా చెప్పలేదు, నాకు కోపం వచ్చింది అక్కడే.

ఎందుకంటే క్లోరిన్ లేని నీళ్ళు ఏం చేస్తాయో మనకు అంచనాలు అక్కర్లేదు, కళ్ళ ముందే ఉంది. 2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం వచ్చి ఊరు ఊరంతా ఆస్పత్రి పాలైంది, ప్రాణాలు పోయినాయి. క్యాన్సర్ రిస్క్ అనేది దశాబ్దాల పాటు రోజూ తాగితే కొంచెం పెరిగే అవకాశం, వాంతులూ విరేచనాలూ అంటే పసిబిడ్డకి రెండు రోజులే టైమ్. టీహెచ్ఎంలు తగ్గించే ప్రయత్నంలో క్రిముల్ని చంపే పనిలో మాత్రం రాజీ పడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్పష్టంగానే చెప్తుంది. అందుకే ఆ రాత్రి గ్రూప్‌లో నేను ఒక్కణ్ణే బ్లీచింగ్ ఆపొద్దు అని రాసినా, కొంతమందికి అది నచ్చలేదు.

మరి చెయ్యాల్సింది ఏంది? నేను చెప్పే మాట ఒకటే, క్లోరిన్ వేసే ముందు నీళ్ళల్లో మురికి తియ్యాలి. మా సంపు కథలోనే మొత్తం ఉంది చూడండి. నీళ్ళు రంగుగా ఉన్నాయని ఎక్కువ బ్లీచింగ్ వేసినాడు, అంటే క్లోరోఫామ్‌కి ముడిసరుకు ఎక్కువ ఉన్నప్పుడే క్లోరిన్ కూడా ఎక్కువ పోసినాడన్నమాట. సంపు అడుగున బురద, అది కడిగి ఎన్నేళ్ళైందో ఎవరికీ తెలీదు. ఆ నీళ్ళు పైన నల్ల ప్లాస్టిక్ ట్యాంకులోకి ఎక్కి తిరపతి ఎండలో కాగుతా కూర్చుంటాయి. వేడి ఎక్కువైతే, క్లోరిన్ మురికితో కలిసి ఉండే టైమ్ ఎక్కువైతే, టీహెచ్ఎంలు ఇంకా ఎక్కువ తయారౌతాయి. అంటే ట్రీట్‌మెంట్ ప్లాంట్ దగ్గర లిమిట్ లోపల ఉన్న నీళ్ళే మన ఇంటి ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి లిమిట్ దాటొచ్చు. నీళ్ళు వదిలిన రోజు పట్టి పెట్టుకుని మూడు నాలుగు రోజులు వాడుకునే ఊళ్ళల్లో ఈ సమస్య ఎక్కువే ఉంటుంది, దీని గురించి మాట్లాడే వాళ్ళు మాత్రం తక్కువ.

ఇదే పెద్ద ఎత్తున ఊరికి కూడా వర్తిస్తుంది. తిరపతికి నీళ్ళు వచ్చేది ఒకటి కండలేరు నుంచి తెలుగుగంగ, ఇంకోటి కళ్యాణి డ్యామ్. కొండ మీద పాపవినాశనం, గోగర్భం, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార. కళ్యాణి, కొండ మీద డ్యాములు అడవి నీళ్ళు, శేషాచలం కొండల్లో రాలిన ఆకంతా మొదటి వానకి కొట్టుకొచ్చి పడేది వాటిలోనే. కండలేరు నీళ్ళు ఎండలో కాలువల్లో చాలా దూరం నడిచొచ్చే నీళ్ళు, పాచి పట్టడానికి అంతకంటే ఏం కావాలి. ఎండాకాలం డ్యామ్ అడుగంటితే అడుగు నీళ్ళు తోడాలి, అందులో కుళ్ళు ఇంకా ఎక్కువ. 2021 నవంబర్ వరదప్పుడు తిరపతిలో ఉన్న వాళ్ళకి నీళ్ళ రంగు ఎట్లా మారిపోతుందో నేను చెప్పనక్కర్లేదు. మన నీళ్ళు చెడ్డవి అని నేను అనడం లేదు, ఇట్లాంటి చోట్ల నుంచి వచ్చే నీళ్ళకి టీహెచ్ఎం టెస్ట్ తప్పనిసరిగా ఉండాలి అంటున్నా.

చాలా ప్లాంట్లలో పాచి పట్టకుండా ఉండాలని పచ్చి నీళ్ళకే మొదట క్లోరిన్ కొడతారు, ఆ తర్వాత ఆలం, అంటే పటిక, వేసి తేరుస్తారు, ఇసుక ఫిల్టర్‌లో వడగడతారు, చివర్లో మళ్ళీ క్లోరిన్. మొదటి డోసు పడేది మురికి నిండా ఉన్న నీళ్ళ మీద, టీహెచ్ఎంలకి అంతకంటే మంచి చోటు దొరకదు. ఆ మొదటి డోసుని వీలైనంత తగ్గించి, ఆలం సరైన డోసులో వేసి, కరిగిన మురికి కూడా గడ్డకట్టి అడుక్కి దిగేటట్టు చేసి, వడగట్టిన తర్వాతే క్లోరిన్ వేస్తే సమస్య చాలా వరకు అక్కడే తగ్గిపోతుంది. దీనికి కొత్త ప్లాంట్ కూడా అక్కర్లేదు, రోజూ నీళ్ళు చూసి ఆలం డోసు మార్చే ఓపిక ఉన్న మనిషి కావాలి, ఆ మనిషికి టైమ్‌కి జీతం కావాలి.

క్లోరిన్ బదులు వేరేది వాడొచ్చు కదా అంటారు కొంతమంది. ఓజోన్ వాడితే, నీళ్ళల్లో బ్రోమైడ్ ఉన్న చోట బ్రోమేట్ వస్తుంది, అదీ 2బి నే. క్లోరిన్‌కి అమ్మోనియా కలిపి చేసే క్లోరమైన్ వాడితే టీహెచ్ఎంలు తగ్గుతాయి గానీ ఎన్‌డీఎంఏ అని క్యాన్సర్ అనుమానం ఉన్న రసాయనం ఇంకోటి వస్తుంది, పైగా అమెరికాలో వాషింగ్టన్ నగరం 2000లో క్లోరమైన్‌కి మారితే పాత పైపుల్లోని సీసం కరిగి నీళ్ళల్లోకి వచ్చింది. యూవీ లైట్ బాగానే చంపుతుంది గానీ పైపులో దారి పొడుగునా కాపలా ఉండదు, మన పైపులేమో మురిక్కాలవల పక్కనే పోతాయి. అందుకే క్లోరినే ఉండాలి.

టెస్టుల సంగతి చెప్పాలి, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో టీహెచ్ఎంలకి లిమిట్లు ఉన్నాయి, క్లోరోఫామ్ లీటరుకు 200 మైక్రోగ్రాములు, బ్రోమోఫామ్ 100, డైబ్రోమోక్లోరోమీథేన్ 100, బ్రోమోడైక్లోరోమీథేన్ 60. కాగితం మీద బాగానే ఉంది. కానీ మనకు కనపడే టెస్ట్ ఏంది, కొళాయి నీళ్ళు ట్యూబ్‌లో పట్టి రెండు చుక్కలు మందేస్తే పసుపు రంగు వచ్చిందా, అంటే క్లోరిన్ ఉంది, అంతే. ఊళ్ళల్లోకి వచ్చే కిట్లలో ఫ్లోరైడ్, నైట్రేట్, ఐరన్ చూడొచ్చు, టీహెచ్ఎం చూడలేరు, దానికి గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే ల్యాబ్ మిషన్ కావాలి. అది చెయ్యగలిగిన చదువుల సంస్థలు మన పక్కనే ఉన్నాయి కదా, ఎస్వీ యూనివర్సిటీ ఉంది, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది. మూడు నెలలకొకసారి ప్లాంట్ దగ్గర ఒక శాంపిల్, అన్నిటికంటే చివర ఉన్న వీధి కొళాయి దగ్గర ఒకటి, ఒక అపార్ట్‌మెంట్ పై ట్యాంకులో ఒకటి తీసి ఆ నంబర్లు వార్డు సచివాలయం గోడ మీద అంటిస్తే చాలు. నంబర్ తక్కువ వస్తే జనానికి ధైర్యం, ఎక్కువ వస్తే ఎక్కడ సరిచేయాలో తెలుస్తుంది.

అప్పటిదాకా ఇంట్లో ఏం చెయ్యాలని అడుగుతారు. ముక్కును నమ్మొద్దు, మనకు వచ్చే వాసన క్లోరిన్‌ది, టీహెచ్ఎంలు ఈ మోతాదులో వాసనే రావు. మూత తీసి బాగా మరిగిస్తే క్లోరోఫామ్ చాలా వరకు ఆవిరైపోతుంది, హాలోఅసిటిక్ ఆమ్లాలు మాత్రం అట్లా ఆవిరైపోవు. కార్బన్ ఫిల్టర్ టీహెచ్ఎంలని పట్టుకుంటుంది గానీ క్యాట్రిడ్జ్ టైమ్‌కి మార్చకపోతే పట్టుకోవడం మానేస్తుంది, క్లోరిన్ కూడా తీసేస్తుంది కాబట్టి ఫిల్టర్ అయిన నీళ్ళు రోజుల తరబడి నిల్వ పెట్టొద్దు. ఇంకోటి, క్లోరోఫామ్ తాగితేనే కాదు, గీజర్ వేడి నీళ్ళతో తలుపులన్నీ మూసుకుని స్నానం చేస్తే ఆవిరి ద్వారా ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది, బాత్రూమ్ కిటికీ తెరిచి పెట్టుకోండి.

మా అపార్ట్‌మెంట్‌లో చివరికి ఒక ఆదివారం సంపు ఖాళీ చేసి బురద తీయించినాం, ఆరు బక్కెట్లు వచ్చింది. మంచి బ్లీచింగ్ అయితే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు సరిపోతుంది, మా సంపు ఇరవై వేల లీటర్లు, అంటే 50 గ్రాములు. వాచ్‌మన్ అన్న వేసే మగ్గుని కాటాలో పెట్టి తూస్తే నాలుగొందల గ్రాములకు పైనే తూగింది. ఆయనే ఒక చిన్న డబ్బా తెచ్చి 50 గ్రాముల దగ్గర పెయింట్‌తో గీత పెట్టుకున్నాడు. టీహెచ్ఎం రిపోర్ట్ కావాలని సంబంధిత ఆఫీసుకి ఒక అర్జీ కూడా పెట్టినాం, మొదట ఏడు మంది సంతకం చేసినారు, బ్లీచింగే వద్దన్న ఆయన ఎనిమిదో సంతకం పెట్టినాడు.