నెలలో రెట్టింపు స్పీడా?

మళ్లీ వచ్చింది అదే ఫార్వర్డ్. "క్వెర్టీ కీబోర్డును మన వేగం తగ్గించడానికే తయారుచేశారు. డ్వోరాక్‌కి మారితే నెలలో స్పీడ్ రెట్టింపు. అమెరికా నేవీయే నిరూపించింది. కంపెనీలు దాచేశాయి. ఫోన్‌లోనూ, తెలుగుకూ పనికొస్తుంది." క్వెర్టీ అంటే మనందరి కీబోర్డుల్లో ఉండే మామూలు అక్షరాల అమరిక, డ్వోరాక్ అంటే దానికి పోటీగా వచ్చిన మరో అమరిక. పంపినవాళ్లలో డ్వోరాక్ మీద కొట్టేవాళ్లు ఒక్కరూ లేరు.

దాచడం సంగతి: విండోస్ సెట్టింగ్స్‌లో డ్వోరాక్ ఉంది, వెళ్లి చూసుకోండి.

వేగం తగ్గించడానికట! క్వెర్టీ పుట్టిన షోల్స్ టైప్‌రైటర్‌ను రెమింగ్టన్ కంపెనీ అమ్మకానికి పెట్టింది 1874లో. తగ్గించడానికి అప్పటికి వేగం ఎక్కడుంది? చూడకుండా అన్ని వేళ్లతో కొట్టే పద్ధతికి పేరొచ్చిందే 1888లో, సిన్సినాటి పోటీలో ఫ్రాంక్ మెక్‌గరిన్ గెలిచాక. ఆయన కొట్టింది కూడా క్వెర్టీ మీదే.

ఇక నేవీ. ఆ ప్రయోగం 1944 నాటిది. డ్వోరాక్ కీబోర్డు పేటెంట్ 1936లో వచ్చింది ఆగస్ట్ డ్వోరాక్‌కీ, ఆయన బావమరిదికీ. 1944లో డ్వోరాక్ ఎక్కడున్నారు? అదే నేవీలో, లెఫ్టినెంట్ కమాండర్‌గా. పిల్లాడి గుణగణాలు వాళ్లమ్మనే అడిగినట్టుంది.

1956లో అమెరికా ప్రభుత్వం కోసం ఎర్ల్ స్ట్రాంగ్ చేసిన ప్రయోగాన్ని మాత్రం ఏ ఫార్వర్డూ చెప్పదు. పదిమంది టైపిస్టులను డ్వోరాక్‌కి మార్చి రోజుకు నాలుగు గంటలు నేర్పితే, వాళ్ల పాత వేగం అందుకోవడానికే 25 రోజులకు పైగా పట్టింది. రెట్టింపు కాదండీ, పాత వేగం! ఆ తర్వాత క్వెర్టీ టైపిస్టులకూ అదనపు శిక్షణ ఇస్తే వాళ్లే ఎక్కువ మెరుగుపడ్డారు. స్ట్రాంగ్‌కి డ్వోరాక్ అంటే ముందునుంచే గిట్టదన్న విమర్శ ఉంది, అదీ కొట్టిపారేయలేం. అలాగని నేవీ లెక్క నిజమైపోదు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఈ మెసేజ్‌ను స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకు తయారయ్యే గ్రూపుల్లోనూ తిప్పుతున్నారు. ఆ కమిషన్ ఇంటర్ స్థాయి ఉద్యోగాలకు పెట్టే సీహెచ్‌ఎస్ఎల్ పరీక్ష టైపింగ్ టెస్టులో ఇంగ్లిష్‌కి నిమిషానికి 35 పదాలు కావాలి. టెస్టుకి నెల ముందు చేతి అలవాటు మార్చుకుంటే ఏమవుతుంది? కొత్తది రాదు, పాతదీ తడబడుతుంది. సెంటర్‌లో ఎదురుగా ఉండేది క్వెర్టీయే. రిజల్ట్ వచ్చాక ఫార్వర్డ్ చేసిన అన్నయ్య ఫోన్ ఎత్తుతాడా?

ఒక్కటి ఒప్పుకుంటాను. డ్వోరాక్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో దాదాపు 70 శాతం వేళ్లు ఆనించి ఉంచే మధ్య వరసలోనే పడతాయి, క్వెర్టీలో మూడో వంతు కూడా పడవు. వేళ్ల తిరుగుడు తగ్గుతుంది. రోజంతా కొట్టేవాళ్లు చేతులకు హాయిగా ఉందంటే నేను కాదనను, ఆ హాయి కోసం మారితే మారండి.

తెలుగుకా? భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. ఇంగ్లిష్ అక్షరాల లెక్కతో దానికేం పని? ఇక ఫోన్‌లో రెండు బొటనవేళ్లతో పొడిచేవాళ్లకు మధ్య వరస ఎందుకో ఆ మెసేజ్ రాసినాయనే చెప్పాలి.