చెరువుకు ప్రమోషన్ ఇవ్వాలి

జూలై వచ్చిందంటే బొగ్గు బెల్టు జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పదు. భారీ వర్షాలు, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనుల్లో నిలిచిన ఉత్పత్తి. ఇన్ని వేల టన్నుల బొగ్గు ఆగిపోయింది, ఇన్ని లక్షల క్యూబిక్ మీటర్ల ఓబీ (బొగ్గు మీద నుంచి తీసి గుట్టగా పోసే మట్టి, రాయి) పని ఆగిపోయింది అని లెక్క పక్కాగా ఉంటుంది. బొగ్గు సంగతి నిజమే. మట్టి పని ఆగిందనడం మాత్రం అన్యాయం. ఆగింది డంపర్లు. మట్టి రాత్రీ పగలూ కదులుతూనే ఉంది. డీజిల్ అడగకుండా, డ్రైవర్ లేకుండా, గుట్ట దిగి, రోడ్డు దాటి, వరి మళ్ల మీదుగా ఊరి చెరువులోకి చేరుతోంది. ఇంత చవకైన రవాణాను కంపెనీలు తమ ఘనతల్లో ఎందుకు రాసుకోవో నాకు అర్థం కాదు.

గనుల మీద విరుచుకుపడేవాళ్లు ముందు పర్యావరణ అనుమతి పత్రాలు చదవాలి. ఎంత ముచ్చటగా రాస్తారో! ఓబీ గుట్ట మొత్తం వాలు 28 డిగ్రీలు మించరాదు. గుట్ట పాదాన గోడ కట్టాలి. చుట్టూ దండలా వాన నీటి కాలువ, గార్లాండ్ డ్రెయిన్, తవ్వాలి. ఆ నీళ్లు నిలిచి మట్టి దిగడానికి కుంట ఉండాలి. డ్రెయిన్‌నూ ఆ నీళ్లు చేరే సంప్‌నూ ఆ చుట్టుపక్కల ఒక్కసారిగా పడే అతి పెద్ద వానను లెక్కలోకి తీసుకుని, దానిపై మరో 50 శాతం కలిపి కట్టాలి. పూడిక ఎప్పటికప్పుడు తీయాలి. ఇవన్నీ చేస్తున్నామని ఆరు నెలలకోసారి నివేదిక పంపాలి. మిగతావాటి సంగతి ఎలా ఉన్నా, నివేదిక మాత్రం ఠంచనుగా వెళ్తుంది.

ఆ అతి పెద్ద వాన దగ్గరే చిక్కొచ్చి పడింది. హెక్టారు నేల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 10 లక్షల లీటర్లు. గుట్ట 100 హెక్టార్లుంటే 10 కోట్ల లీటర్లు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. దానిపై ఇంకో సగం కలిపి డ్రెయిన్ తవ్వమంటే బొగ్గు తవ్వడానికి చోటెక్కడుంటుంది? అందుకే మనవాళ్లు డ్రెయిన్‌కు సరిపోయే వానను ఎంచుకుని డిజైన్ చేస్తారు. ఆ వాన కాకుండా వేరే వాన పడితే అది వాతావరణ శాఖ చూసుకోవాల్సిన సంగతి.

కుంట విషయానికొద్దాం. ఫిబ్రవరిలో వెళ్లి చూడండి, చూడముచ్చటగా ఉంటుంది. గట్టుకు సున్నం, పక్కన బోర్డు, లోపల పోయిన ఏడు వచ్చి చేరిన మట్టి. ఏప్రిల్‌లో పూడికతీతకు ఎస్టిమేట్, మేలో టెండర్, జూన్‌లో అగ్రిమెంట్. తొలకరితోపాటే పొక్లెయిన్ దిగుతుంది. తీసిన మట్టిని దూరం మోయడమెందుకని గట్టు మీదే పోస్తారు. రెండో వానకు అది బుద్ధిగా కుంటలోకి తిరిగొస్తుంది. బయటికొచ్చిన మట్టికి కొలతలున్నాయి, బిల్లుంది. లోపలికెళ్లిన మట్టికి ఏమీ లేదు. వచ్చే ఏడు మళ్లీ అదే మట్టి, మళ్లీ కొత్త బిల్లు.

పోనీ పూడిక తీసినా, కుంట ఒడ్డెక్కదు. దీనికి కారణం కాంట్రాక్టర్ కాదు, స్టోక్స్ అనే దొర. రేణువు నీళ్లలో ఎంత వేగంగా మునుగుతుందో 1851లోనే లెక్క కట్టి పెట్టాడు. ఇసుక క్షణాల్లో దిగుతుంది. 2 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్) బంకమట్టి రేణువు మాత్రం కదలని నీళ్లలో రోజుకు ఒక అడుగు దిగుతుంది. సర్కారు ఫైలు కూడా కాస్త ముందుంటుందేమో! ఈ లెక్కన 35 క్యూసెక్కుల, అంటే సెకనుకు దాదాపు వెయ్యి లీటర్ల, బురద నీళ్లలోంచి ఆ మట్టిని పట్టాలంటే దాదాపు 70 ఎకరాల కుంట కావాలి. పటిక కలిపితే రేణువులు ముద్దకట్టి త్వరగా దిగుతాయని పల్లెల్లో బిందెడు నీళ్లు తేర్చుకున్న ప్రతి ఇల్లాలికీ తెలుసు కానీ, ఆమె టెక్నికల్ కమిటీలో లేదు. మరి 70 ఎకరాలు ఎవరి దగ్గరున్నాయి? ఊరి చెరువు దగ్గర. అంటే శాస్త్రం ప్రకారం చూసినా మట్టి దిగే కుంట, అసలైన సెటిల్‌మెంట్ ట్యాంకు అదే.

పైగా దాన్ని ప్రభుత్వం ముందే సిద్ధం చేసి పెట్టింది. 2015లో చెరువుల పూడికతీతకు మిషన్ కాకతీయ మొదలుపెట్టి, తెలంగాణలోని 46 వేలకు పైగా చెరువులను బాగుచేస్తామంది. రైతులు ఒండ్రును ట్రాక్టర్లకెత్తి పొలాలకు తోలుకున్నారు. అలా ఏర్పడ్డ ఖాళీని గుట్ట మట్టితో నింపుతుంటే గొడవెందుకు? ఇది ఒండ్రు కాదు, భూమి అడుగునుంచి తీసిన రాతిపొడి, పొలంలో మేటవేస్తే నాటు కూడా దిగదు అంటారు రైతులు. ఉచితంగా వచ్చినదానికి వంకలు పెట్టడం మనవాళ్లకు అలవాటే.

బొగ్గు గని వదిలే నీళ్లలో లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించి మట్టి ఉండకూడదని, సాగుకు వదిలితే 200 దాకా ఉండొచ్చని 2000 నుంచీ నిబంధన ఉంది. 10 కోట్ల లీటర్లకు 100 చొప్పున 10 టన్నులు, ఒక టిప్పర్ లోడు. లీటరుకు 5 గ్రాములుంటే 500 టన్నులు. ఏది నిజమో తేల్చాలంటే వాన కురుస్తుండగా శాంపిల్ తీయాలి. బూట్లు పాడవుతాయి. జనవరిలో తీస్తే నీళ్లు తేటగా ఉంటాయి, రిపోర్టూ తేటగా వస్తుంది.

కొందరు గడ్డి గడ్డి అంటూ విసిగిస్తారు. గుట్ట మెట్లను లోపలి వైపు వాలుగా చదును చేసి, పక్కన దాచిన పైమట్టి పరిచి, జూన్‌కు ముందే గడ్డి పట్టిస్తే మట్టి గుట్ట దిగదంటారు. మట్టి కదిలాక పట్టుకోవడం కంటే కదలకుండా చూడటం చవక అట. కావచ్చు. కానీ గడ్డిని ఏ పెద్దమనిషి రిబ్బన్ కత్తిరించి ప్రారంభిస్తాడు? మొక్కలు నాటాలంటే మెయిన్ గేటు ముందు నాటుకోవచ్చు. గుట్ట వెనక వైపు ఫొటోలో పడదు కదా!

కర్ణాటకలో కుద్రేముఖ్ ఇనుప గని మట్టి భద్రా నదిలోకి పోతోందని సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2005 చివరికల్లా గనినే ఆపించారు. అక్కడివాళ్లకు ఓపిక తక్కువ. మనకంత తొందర లేదు.

నేను కోరేది చిన్నది. చెరువును సెటిల్‌మెంట్ ట్యాంకు, గ్రేడ్-1గా ప్రమోట్ చేస్తూ ఆర్డర్ ఇవ్వండి. మస్టర్‌లో పేరెక్కించండి. నైట్ షిఫ్ట్ అలవెన్స్, పాత బకాయిలు, లాభాల్లో వాటా లెక్కగట్టండి. మేటలు ఎత్తిపోసుకుంటున్న రైతులకు కనీసం పొక్లెయిన్ రేటు ఇవ్వండి, వాళ్లయితే గట్టు మీద పోయరు. ఆర్డర్ కాపీ కోసం ప్రత్యేకంగా మనిషిని పంపనక్కర్లేదు. జనవరిలో శాంపిల్ జీపు ఎలాగూ వస్తుంది, అందులో పంపితే చాలు.