ఇసుక నీళ్లు కాదు, రామప్ప పడవ కాదు

2024 డిసెంబర్ 4 పొద్దున ములుగులో భూమి కంపించినప్పటి నుంచి మా వరంగల్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూనే ఉంది. రామప్ప కింద కాకతీయులు ఇసుక పోశారు, ఇసుక నీళ్లలా పారుతుంది కాబట్టి గుడి దాని మీద తేలుతుంది, కుదుపులన్నీ ఇసుకే మింగేస్తుంది, గుడి నిలబడటంతో అది 2024లో రుజువైంది, మీరూ పునాదిలో మీటరు ఇసుక పోసుకోండి, ఇదీ దాని సారాంశం. ఇసుక పోసిన మాట నిజమే, గుంత తీసి ఇసుక నింపిన ఆ పునాదినే శాండ్‌బాక్స్ అంటారు. మిగతాది చూద్దాం.

"నీళ్లలా పారుతుంది." రోడ్డు పక్కన లారీ దించిన ఇసుక చూడండి, 30 నుంచి 35 డిగ్రీల వాలుతో కుప్పగా నిలబడుతుంది. నీళ్లను అలా కుప్ప పోయండి చూద్దాం! రేణువుల మధ్య రాపిడి ఉంది, ఆ వాలు దాటితే తప్ప కదలదు, కదిలినా జారేది పైపొరే. ఒత్తిడి సంగతీ అంతే: ట్యాంకులో లోతుకు పోయినకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతూనే పోతుంది, పొడుగాటి గాదెలో పోసిన వడ్లకు మాత్రం కొంత లోతు తర్వాత పెరగడం దాదాపు ఆగిపోతుంది, ఎందుకంటే బరువులో చాలా భాగం రాపిడి వల్ల గోడల మీద పడుతుంది. జర్మన్ ఇంజనీరు యాన్సెన్ 1895లోనే ఈ లెక్క తేల్చాడు.

మరి పునాది ఎలా పనిచేస్తుంది? మేడారంలో జంపన్న వాగు తడి ఇసుకలో కాలు గట్టిగా మోపండి, పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం పొడిబారినట్టు తెల్లబడుతుంది. దగ్గరగా సర్దుకున్న రేణువులు కదలాలంటే ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలి, మధ్యలో ఖాళీలు పెరుగుతాయి, పైనున్న నీళ్లు అందులోకి దిగిపోతాయి. 1885లో బ్రిటిష్ శాస్త్రవేత్త రెనాల్డ్స్ చెప్పింది ఇదే. చుట్టూ బిగించి దిమ్మిస కొట్టిన ఇసుకకు అలా ఉబ్బే జాగా ఉండదు, అందుకే గట్టిగా నిలుస్తుంది. అంటే శాండ్‌బాక్స్ బలమంతా ఇసుక పారకుండా ఆపడంలోనే ఉంది.

"కుదుపులన్నీ మింగేస్తుంది." కొంత శక్తి రాపిడిలో వేడిగా పోతుంది, ఒప్పుకుంటా. కానీ గుల్లగా ఉండి నీళ్లతో నిండిన ఇసుకను ఊపితే రేణువులు దగ్గరికి సర్దుకోబోతాయి, మధ్యలో నీళ్లకు పోయే దారి ఉండదు, ఒత్తిడి పెరిగి రేణువుల పట్టు వదిలిపోతుంది. అప్పుడు మాత్రం మెసేజ్ రాసినాయన కోరినట్టే ఇసుక నీళ్లయిపోతుంది! 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్ట్‌మెంట్లు పెద్దగా పగలకుండానే పక్కకు ఒరిగిపోయింది ఇలాగే.

"2024లో రుజువైంది." ఆ రోజు వచ్చింది 5.3 తీవ్రత. హనుమకొండలో మామూలు డాబా ఇళ్లు కూడా నిలబడ్డాయి, వాటి కింద ఏ శాండ్‌బాక్స్ ఉంది? రామప్ప మండపంలో నేల ఎగుడుదిగుడుగా కుంగి ఉండటం వెళ్లినవాళ్లందరికీ కనిపిస్తుంది. ఇలాంటి ఇసుక పునాదే ఉన్న వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్నయితే రాయి రాయి విప్పి మళ్లీ కట్టి, 2024 మార్చిలో తెరిచారు.

ఇక ఇంటి సలహా. నల్లరేగడిలో గుంత తీసి, దిమ్మిస లేకుండా గుల్ల ఇసుక నింపితే వానాకాలం నీళ్లన్నీ అందులోనే చేరతాయి. ముందు మట్టి పరీక్ష చేయించండి, ఎంత లోతు, ఏం పోయాలి అన్నది ఇంజనీరును చెప్పనివ్వండి.