మా కాంట్రాక్టర్ నిజాయితీపరుడు

హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ ఊళ్లోవాళ్ల సంగతులు విచారించే పెద్దమనుషులకు న్యాయసలహా చెప్పే నాథుడే లేడు. జనహితం కోరి ఆ బాధ్యత నేనే నెత్తికెత్తుకున్నాను.

పరువు నష్టం నేరం 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వచ్చింది. పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 499, 500 నంబర్లు పోయాయి కానీ, ఏ మాట నేరం కాదో చెప్పే 1860 నాటి పది మినహాయింపులూ అలాగే ఉన్నాయి. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్తగా సమాజ సేవ కూడా చేర్చారు. నోటిదూలకు చీపురు వైద్యమన్నమాట.

‘నిజమే చెప్పిన కదా!’ అంటారు మనవాళ్లు. సివిల్ దావాలో అది రుజువైతే చాలు. క్రిమినల్ కేసులో నిజంతోపాటు ప్రజాహితం కూడా ఉండాలి. ఎదురింటాయన పాత ప్రేమకథ పచ్చి నిజమే కావచ్చు. అది బయటపెడితే వరంగల్ ప్రజలకు ఒరిగేదేమిటో జడ్జిగారికి మీరే చెప్పుకోవాలి.

ఇక మా గల్లీ రోడ్డు. ‘కాంట్రాక్టర్ సిమెంటంతా మింగిండు’ అని చాయ్ దుకాణంలో అంటే గండం. అదే మాట సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో సంబంధిత అధికారికి సదుద్దేశంతో రాసిస్తే ఎనిమిదో మినహాయింపు కాపాడుతుంది. ఆ దరఖాస్తునే ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారా, కథ మళ్లీ మొదటికే. పైగా తగిన జాగ్రత్త లేని మాటకు సదుద్దేశం ఉన్నట్టు చట్టం ఒప్పుకోదు. ‘మా బామ్మర్ది చెప్పిండు’ అన్నది జాగ్రత్త కిందికి వస్తుందని నేనైతే హామీ ఇవ్వను.

కవిమిత్రులకు ఆరో మినహాయింపు ఉంది. పుస్తకం చెత్తగా ఉంది కాబట్టి రాసినవాడికి బుర్ర తక్కువ అని సదుద్దేశంతో అనొచ్చు. వాడి బుద్ధే అంత, పుస్తకం ఇంకెలా ఉంటుంది అంటే మాత్రం రక్షణ పోతుంది. పుస్తకావిష్కరణ సభల్లో ఈ తేడా పాటించేవారిని నేనింకా చూడలేదు.

పోనీ, పొగిడి తప్పించుకుందామా? వ్యంగ్యంగా అన్నా నేరం కావచ్చని చట్టమే చెప్పింది. ‘జెడ్ అనేవాడు నిజాయితీపరుడు, బి అనేవాడి గడియారం ఎప్పుడూ దొంగిలించలేదు’ అని, దొంగిలించాడని నమ్మించే ఉద్దేశంతో అంటే పరువు నష్టమేనట. ఉదాహరణ నాది కాదు, చట్టంలోదే.

కాబట్టి మా కాంట్రాక్టర్ నిజాయితీపరుడని నేను మనస్ఫూర్తిగా, ఎలాంటి వ్యంగ్యమూ లేకుండా ప్రకటిస్తున్నాను. రోడ్డు కుంగింది మా కాలనీవాళ్ల బరువుకే.