సవరణ: నేమ్‌ప్లేట్ మీద అపాస్ట్రఫీ

మా బెంగళూరు వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో గృహప్రవేశాలు జోరుగా సాగుతున్నాయని మొన్న నేమ్‌ప్లేట్ల మీద ఒక పోస్టు పెట్టాను. ఇంటిల్లిపాదినీ కలిపి ఇంగ్లిష్‌లో 'ద రెడ్డీస్' అని రాయాలంటే రెడ్డి తర్వాత అపాస్ట్రఫీ (అక్షరం పక్కన పైన పెట్టే ’ గుర్తు) పెట్టి ఎస్ చేర్చాలన్నాను. అది తప్పు, పొరపాటు నాదే.

ఇంగ్లిష్ నిఘంటువులు, ప్రచురణ సంస్థల శైలి పుస్తకాలు చెప్పేదేమిటంటే, బహువచనానికి అపాస్ట్రఫీ అక్కర్లేదు. రెడ్డి స్పెల్లింగు చివర ఎస్ చేరిస్తే చాలు. మామూలు మాటల్లో లాగా వై పోయి ఐఈఎస్ రాదు, పేరు ఉన్నది ఉన్నట్టే ఉండాలి. రావుకీ అంతే. దాస్ లాగా ఎస్‌తో ముగిసే పేరుకి మాత్రం ఈఎస్ చేర్చాలి. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, నిజమే. నచ్చకపోతే 'ద దాస్ ఫ్యామిలీ' అని రాయించుకుంటే గొడవే లేదు.

అపాస్ట్రఫీతో పనిపడేది 'ఫలానా వాళ్లది' అని చెప్పాల్సినప్పుడే. 'ద రెడ్డీస్ హౌస్' అని రాస్తే ఆ గుర్తు ఎస్ తర్వాత రావాలి. ఎస్‌కి ముందు పెడితే ఇల్లు ఒక్క రెడ్డిగారిదే అయిపోతుంది, ఆవిడకి వాటా లేనట్టు!

కొందరు ఇది కన్నడ, తెలుగు అక్షరాలకూ వర్తిస్తుందనుకున్నారు. కాదు, నేను చెప్పింది బోర్డు మీద ఇంగ్లిష్ వరుస గురించే. గ్రానైట్ మీద చెక్కించడానికి ఇచ్చినవాళ్లు ఇవాళే ఫోన్ చేసి ప్రూఫ్ మరోసారి చూసుకోండి.